వెనక వేసిన ముడి

బుధవారం సాయంత్రం ఆరుంబావుకి అత్తగారు మనవరాలికి తడికట్టు కట్టింది. పదకొండు నిమిషాలు పట్టింది. కోడలు హాలు గుమ్మంలో నిలబడి చూసింది. తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి రావడం వల్ల ఆమె వచ్చిన సంగతి గదిలో ఉన్న ఇద్దరికీ తెలియలేదు.

పాపను ఇంట్లో అందరూ పిట్ట అంటారు. ఐదో నెల నుంచి ఎగ్జిమా. ఇప్పుడు నాలుగున్నరేళ్ళు. మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడ చుట్టూ చర్మం ఎర్రబడుతుంది, పొడిబారి పగులుతుంది, రసి కారుతుంది. అది ఎక్కువైన రోజుల్లో గోరువెచ్చటి నీళ్ళు పోసి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఎర్రబడ్డ చోట మందు, మిగతా ఒళ్ళంతా మలాము పట్టించాలి. దానిమీద తడిపి పిండిన నూలుబట్ట ఒక పొర, ఆపైన పొడిబట్ట ఇంకో పొర వెయ్యాలి. చేతులకి మేజోళ్ళు తొడిగి కట్టాలి, లేకపోతే రక్తం వచ్చేదాకా గోక్కుంటుంది. చర్మం డాక్టరు దగ్గర నర్సు ఈ పని కోడలికి మూడుసార్లు పిలిచి నేర్పింది. రెండేళ్ళుగా కడుతోంది. ఇప్పటికీ నలభై నిమిషాలు పడుతుంది, అదీ పిట్ట మొండికెయ్యకపోతే.

అత్తగారు ఆ పని ఎన్నడూ ముట్టుకోలేదు. "ఆ తడిగుడ్డల పని నాకు చేతకాదు తల్లీ, నువ్వే చూసుకో" అనేది. అందుకని ఆమె చూసుకునేది. బీమా ఆఫీసులో ఆమెది క్లెయిము కాగితాలు సరిచూసే పని. నాలుగున్నరకి లేచి, పక్క సీటావిడ మొహం చూడకుండా బయటపడి, ఐదింటికల్లా ఇంట్లో ఉండేది. ఎంత కడిగినా వేళ్ళకి మలాము జిడ్డు పోదు. ఒకసారి పై అధికారి ఆమె సరిచూసిన కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టి, వేలిముద్ర మచ్చను అందరికీ చూపించి, "ఇది ఆఫీసా, వంటిల్లా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు గురించి తర్వాత చాలా రోజులు ఆలోచించింది. ఆ బుధవారం పైనుంచి తనిఖీవాళ్ళు రావడంతో ఐదున్నర దాటేదాకా కదలనివ్వలేదు. దారిలోంచి ఇంటికి రెండుసార్లు ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు.

ఎత్తకపోవడానికి కారణం ఇప్పుడు కనబడుతోంది. అత్తగారి చేతులు ఖాళీగా లేవు. బట్ట పిండి, వేడి ఎంతుందో తన మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకుంది. బనీను తిరగేసి తొడిగింది, కుట్లు ఒంటికి ఒరుసుకోకుండా. మోచేతి దగ్గర బట్టని ఒక మడత వదులుగా ఉంచింది, చెయ్యి వంచితే బిగుసుకోకుండా. మేజోళ్ళు తొడిగి, గుడ్డ టేపును మోచేతుల మీదుగా వీపుకి తీసుకుపోయి, రెండు భుజాల మధ్య ముడి వేసింది. ఎక్కడా ఆగలేదు. ఏది ముందు, ఏది తర్వాత అని ఒక్కసారి కూడా ఆలోచించుకోలేదు. పిట్ట ఏడవలేదు. కథ చెప్పమని అడుగుతోంది.

"అమ్మ వచ్చింది" అంది పిట్ట, గుమ్మంలోకి చూసి. "అమ్మా, నాన్నమ్మ కడితే చల్లగా లేదు తెలుసా. నువ్వు కడితే చలేస్తుంది."

అత్తగారు వెనక్కి తిరగలేదు. తడిబట్టలు ముంచిన గిన్నె తీసి పక్కన పెట్టింది.

"ఎక్కడ నేర్చుకున్నారు అత్తయ్యా?"

"ఎక్కడేంటి, రోజూ నువ్వు కడుతుంటే చూడట్లేదూ?"

"నేను ముడి ముందుకి వేస్తాను. నర్సు అలాగే చెప్పింది."

"ముందుకి వేస్తే ఆగుతుందా? వాడు పళ్ళతో ఊడదీసుకునేవాడు."

ఆ మాట అన్నాక అత్తగారు గిన్నె అందుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పింది. కడగాల్సింది ఒక్క గిన్నే. కుళాయి మాత్రం చాలాసేపు పారింది.

ఆ ఇంట్లో 'వాడు' ఒక్కడే. అత్తగారికి ఒక కొడుకు, పదేళ్ళ తర్వాత పుట్టిన ఒక కూతురు. పెళ్ళైన కొత్తలో భర్త చిన్నప్పటి ఫొటోలు చూస్తానంటే, ఇల్లు మారేటప్పుడు పెట్టె పోయిందన్నారు. కూతురి ఫొటోలు మాత్రం నాలుగు ఆల్బములున్నాయి. అప్పుడు ఆమెకి ఏ అనుమానమూ రాలేదు. పెట్టెలు పోతుంటాయి. ఆఫీసులో వారానికి పాతిక ఉత్తరాలు పంపుతుంది తను, 'ముందే ఉన్న జబ్బును తెలియజేయనందున మీ క్లెయిము చెల్లదు' అని. ఎవరు ఏ కాగితంలో ఏం దాచారో పట్టుకోవడంలో ఆమెకి పేరుంది. ఇంట్లో ఆ కన్ను తెరవలేదు. ఇంటి మనుషుల్ని సరిచూడాలని ఎవరనుకుంటారు?

కోడలు వంటింట్లోకి వెళ్ళి కుళాయి కట్టేసింది.

"ఎన్నేళ్ళు?"

"రెండో ఏట మొదలైంది. పదకొండో ఏట తగ్గింది." అత్తగారు చేతులు చీర కొంగుకి తుడుచుకుంది. "వాడి చెల్లెలికి కూడా తెలీదు. అది పుట్టేసరికి తగ్గుముఖం పట్టింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? తొమ్మిదేళ్ళు మా అత్త నన్ను నిలబెట్టి అడిగింది, ఏ పాపం తెచ్చావే మీ పుట్టింటి నుంచి అని. వాడి పక్కలో నన్ను పడుకోనిచ్చేది కాదు. చుట్టాలొస్తే వాణ్ణీ నన్నూ వెనకగదిలో పెట్టేది. వాడికి తగ్గిన రోజు అనుకున్నాను, ఈ మాట ఇంక ఎవరి నోటా రానివ్వకూడదని. పెళ్ళి కావాలి కదా వాడికి."

"సరే, పెళ్ళైంది. పిట్టకి వచ్చినప్పుడో?"

"నీవైపు నుంచి వచ్చిందని నేనెప్పుడైనా అన్నానా? ఒక్కసారి, చెప్పు."

ఆమె ఆలోచించింది. నిజమే. అత్తగారు ఎన్నడూ అనలేదు. అన్నవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళు అంటున్నప్పుడు అత్తగారు ఆ గదిలోనే కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటూ ఉండేది.

అన్నది మొదట భర్తే. లెక్కల మాస్టారు, గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. చర్మం డాక్టరు మొదటిరోజే అడిగింది, "మీ ఇద్దరి వైపుల్లో ఎవరికైనా ఇలాంటి చర్మం, ఉబ్బసం, పొద్దున్నే తుమ్ములు?" అని. "మావైపు అలాంటివేం లేవండి" అన్నాడు భర్త, తిరిగి ఆమె వంక చూశాడు. డాక్టరు కూడా చూసింది. ఏదో ఒకటి చెప్పాలనిపించి, "మా చిన్నమ్మకి మడమలు పగిలేవండి" అంది ఆమె. మడమలు అందరికీ పగులుతాయమ్మా అని డాక్టరు నవ్వేసింది. ఇంట్లో మాత్రం ఆ మాట ఉండిపోయింది. ఆడపడుచు ఎప్పుడొచ్చినా పిట్ట గౌను ఎత్తి చూసి, "ఏదీ వదినా, మీ చిన్నమ్మ మడమలు ఇప్పుడు ఎక్కడిదాకా పాకాయి?" అనేది. ఆమె తన తల్లికి ఫోను చేసి, ముత్తాతల దాకా ఒక్కొక్కరి ఒళ్ళూ అడిగింది. తల్లి ఏడ్చి, ఏదో పాపం ఉండే ఉంటుందని ఒప్పుకుంది. ఆ తర్వాత ఈ ఇంటికి రావడం మానేసింది. పాలిచ్చే రోజుల్లో గుడ్డు మానమంటే మానింది ఆమె, చేప మానమంటే మానింది, చివరికి అన్నమూ మజ్జిగా తిని పదిహేను కిలోలు తగ్గింది. పిట్ట గోకుడు తగ్గలేదు.

ఇప్పుడు ఆపరేషను. ఎల్లుండి, శుక్రవారం ఉదయం. ఇంక పిల్లలు పుట్టకుండా. భర్త ఆ మాట ఎంతో దయగా ఎత్తాడు. "నిన్నేమీ అనట్లేదు. నీ ఒంట్లో ఉన్నదానికి నువ్వేం చేస్తావు? కానీ ఇంకో బిడ్డని కని, ఆ బిడ్డతోనూ ఇలా గోకించడం న్యాయమా, చెప్పు." ఆమె ఆ ప్రశ్నకి ఆర్నెల్లు జవాబు వెతికింది. దొరక్క, సంతకం పెట్టింది. సంతకం పెట్టిన రోజున భర్త ఆమె భుజం తట్టాడు. ఆ తట్టడం ఆమెకి బాగుంది కూడా.

ఏడున్నరకి భర్త వచ్చాడు. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, పిట్ట దగ్గర కూర్చున్నాడు. వీపు మీది ముడి చూసి, తల్లి వైపు చూశాడు. తల్లి లేచి తన గదిలోకి వెళ్ళింది.

"అమ్మ చెప్పిందా?"

"ముడి చెప్పింది."

"చిన్నప్పటి సంగతి అది. నాకే సరిగ్గా గుర్తులేదు. తగ్గిపోయినదాన్ని పట్టుకుని ఏం చెప్పమంటావు?"

"డాక్టరు అడిగింది కదండీ. మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ పక్కనే ఉన్నాను."

"ఇప్పుడున్న జబ్బుల గురించి అడుగుతోందనుకున్నా."

అతను పిట్ట మేజోడు సవరించాడు. తర్వాత మాస్టారి గొంతుతో అన్నాడు: "అయినా ఎవరివైపు నుంచి అయితేనేం? వచ్చేది వస్తుంది. మందు మారుతుందా, కట్టు మారుతుందా?"

"ఎవరివైపైనా ఒకటే అయితే నాలుగేళ్ళు మావైపే ఎందుకుంది?"

"అది మా చెల్లి వాగుడు. దాని నోటికి నేనేం తాళం వెయ్యను?"

"మీకు తగ్గింది కదా" అంది ఆమె. "పదకొండేళ్ళకి తగ్గింది. మచ్చ కూడా లేదు. పిట్టకి ఇది బతుకంతా ఇలాగే ఉంటుందేమో, దీన్ని బళ్ళో పక్కన ఎవరు కూర్చోనిస్తారు, పెద్దయ్యాక ఎవరు ముట్టుకుంటారు అని నేను రోజూ అడుగుతుంటే, మీరు పేపరు చదువుకున్నారు. మీ గురించి చెప్పకపోతే పోనీ. ఎవరో స్నేహితుడని చెప్పి అయినా, తగ్గుతుందని ఒక్క మాట అనొచ్చుగా."

భర్త పిట్ట వీపు మీది ముడి వంక చూశాడు.

"అంటే నీకు అనుమానం వస్తుందేమోనని" అన్నాడు.

ఆ జవాబులో అబద్ధం లేదు. ఆ రోజుకి అతని నోట అబద్ధం లేని మాట అదొక్కటే.

"సరేలే, జరిగిందేదో జరిగింది" అన్నాడు మళ్ళీ. "ఎల్లుండి ఎనిమిదింటికల్లా అక్కడుండాలి. ఆటో చెప్పాను. అమ్మ కూడా వస్తానంది."

గురువారం ఆమె ఆఫీసుకి గంట ఆలస్యంగా వస్తానని ఫోనులో చెప్పింది. పిట్టని బళ్ళో దింపి, టీచరుకి మలాము డబ్బా ఇచ్చి, ఎలా రాయాలో రోజూలాగే చెప్పింది. "దీని నాన్నకీ ఉండేదట, పదకొండో ఏట తగ్గిపోయిందట" అని కూడా చెప్పింది. టీచరు "అమ్మయ్య" అంది. పిట్ట "నాన్న కూడా మేజోళ్ళు వేసుకునేవాడా, చేతులకి?" అని అడిగింది. వేసుకునేవాడని చెప్పి బస్సెక్కింది.

ప్రసూతి ఆసుపత్రిలో ఆపరేషన్ల కౌంటరు కింది అంతస్తులో మందుల షాపు పక్కన ఉంది. కౌంటర్లో ఉన్న అమ్మాయి శుక్రవారం జాబితా తీసి, వేలు పెట్టి చూసింది. ఐదో పేరు.

"రేపు రావట్లేదు. తీసెయ్యండి."

"మరి ఎప్పటికి రాయమంటారు? వచ్చే శుక్రవారం ఖాళీ ఉంది."

"ఎప్పటికీ వద్దు."

"ఇంకొకరు కావాలనుకుంటున్నారా?"

"అది ఇంకా ఆలోచించలేదు."

"మరెందుకండీ మానెయ్యడం?"

"ఆలోచించుకోవడానికి."

అమ్మాయి ఆమెకేసి చూసింది. "మీ ఆయన సంతకం కూడా ఉందిక్కడ. ఆయనకి తెలుసా?"

"రేపు ఎనిమిదింటికి తెలుస్తుంది. ఒళ్ళు నాదే కదమ్మా, నా సంతకం చాలదా?"

"చాలుతుంది. కానీ కారణం గడి నింపాలి. జ్వరం అని రాయనా? ఊరెళ్ళారని రాయనా? అందరికీ అవే రాస్తాం."

"భర్త జబ్బు సంగతి దాచిపెట్టి, భార్యవైపు నుంచి వచ్చిందని నమ్మించి సంతకం పెట్టించాడు. అది రాయండి."

"అంతా పట్టదండీ, గడి చిన్నది."

ఆమె కిటికీలోంచి వంగి ఆ గడి చూసింది. నిజంగానే రెండు వేళ్ళంత ఉంది.

"అయితే 'అబద్ధం' అని రాయండి. పడుతుంది."

అమ్మాయి రాసింది. సంతకం చేయించుకుని, జాబితాలో ఐదో పేరు కొట్టేసి, ఆరో పేరు ముందు ఐదు అంకె వేసింది.