ఎర్రబుడగలు

పెళ్ళయిన కొత్తలోనే అత్తగారు కరుణమ్మ తేల్చిచెప్పింది, తెల్లారుజామున వంటింట్లో దీపం పెట్టొద్దని. వెలుతురు నడవలోకి పడితే కొడుక్కి నిద్ర చెడుతుందట. అప్పట్నుంచీ రాహేలు చీకట్లోనే బియ్యం కడిగి, చీకట్లోనే మిరపకాయలు తుంచి, ఉప్పు జాడీ ఏదో పసుపు డబ్బా ఏదో చేత్తో తడిమి తెలుసుకునేది. పొయ్యి అంటించేలోపు సగం పని అయిపోయేది. మెచ్చుకున్నవాళ్ళు లేరు. కిరసనాయిలు ఆదా అవుతోందని మాత్రం కరుణమ్మ చర్చిలో నలుగురితో చెప్పుకుంది.

ఆ కొడుకు రాజారత్నం నరసరావుపేటలో ఓ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. రాహేలు చదువు పెళ్ళితో బియ్యెస్సీ దగ్గర ఆగింది కాబట్టి అదే కాలేజీ లాబ్‌లో డిమాన్‌స్ట్రేటర్. గాజు సామాను కడగడమూ, స్టాఫ్ రూములో కాఫీలు కలపడమూ ఆమె పనే.

ఆ ఏడు కాలేజీకి వచ్చిన ఇంగ్లీషు పత్రికలో ఒక ప్రయోగం చదివి ఆమె మనసు పారేసుకుంది. హైడ్రోజన్ పెరాక్సైడులో కాస్టిక్ సోడా కలిపి క్లోరిన్ పంపితే ఆక్సిజన్ పుడుతుంది. మామూలు ఆక్సిజన్ కాదు, ఒళ్ళంతా శక్తి నింపుకుని నిలవలేకపోతున్న ఆక్సిజన్. బుడగలో అలాంటి రెండు అణువులు ఎదురుపడితే ఆ శక్తి ఎర్రటి వెలుగై బయటపడుతుంది. మంట ఉండదు, దీపం ఉండదు. పల్నాటి ఎండకి పెరాక్సైడ్ నిలవదని రాజారత్నం మధ్యలోనే చేతులెత్తేశాడు. రాహేలు మాత్రం మంచినీళ్ళ కుండకు చేసినట్టే సీసాని తడి ఇసుకలో పాతి చల్లబరిచింది. క్లోరిన్ ఘాటుకి దగ్గింది. చీరకి వాసన పడితే "ఆడమనిషి దగ్గర ఏంది ఈ కంపు" అని కరుణమ్మ ముక్కు మూసుకుంది. చివరికో మధ్యాహ్నం, తలుపులు బిగించిన స్టోరు గదిలో, సీసా నిండా ఎర్రబుడగలు లేచాయి. గర్వంతో ఆమెకి ఏడుపొచ్చింది.

యూనివర్సిటీ పెద్దలు తనిఖీకి వచ్చినప్పుడు ఆ ప్రయోగమే చూపించాలన్నాడు ప్రిన్సిపాల్. ఆ రాత్రి అన్నం తింటూ రాజారత్నం, చేసేది నువ్వే చెయ్యి, చెప్పేది నేను చెబుతా, ఆడదానివి అంతమంది ముందు తడబడతావ్ అన్నాడు. రాహేలు మజ్జిగ పోసింది.

పెద్దలు మిట్టమధ్యాహ్నం ఎండలోంచి నేరుగా స్టోరు గదిలోకి వచ్చారు. రాహేలు తలుపు మూసి క్లోరిన్ వదిలింది. ముందునుంచీ ఆ చీకటి గదిలోనే ఉన్న ఆమె కంటికి బుడగలు ఎర్రగా కనిపిస్తున్నాయి. మిగతావాళ్ళకి చీకటి తప్ప ఏమీ లేదు. ఎవరో విసుగ్గా లేచారు. ఉపన్యాసం మధ్యలో రాజారత్నం తడబడి రాహేలు వైపు తిరిగాడు.

"ఏమే, ఏం కనపట్టంలా. ఆ లాంతరు ఎలిగించు, బాగా కనపడుద్ది."

రాహేలు క్లోరిన్ కట్టేసి, లాంతరు పక్కనున్న అగ్గిపెట్టె తీసి బొడ్లో దోపుకుంది.

"లాంతరు వద్దండీ. అందరూ కూర్చోండి. ఎండలోంచి వచ్చారు, చీకటికి కళ్ళు అలవాటు పడాలి. ఈలోపు ఈ వెలుగు ఎట్టా పుడుతుందో నేను చెబుతాను."

చెప్పింది. ఎక్కడా తడబడలేదు. చెప్పడం అయ్యాక మళ్ళీ క్లోరిన్ వదిలితే ఈసారి గదంతా ఊపిరి బిగబట్టింది. బుడగలు ఆరిపోయాక వాళ్ళలో పెద్దాయన అడిగాడు, ఇంత చీకట్లో ఒక్క సీసా కూడా తడబడకుండా ఎట్లా అందుకున్నావమ్మా అని.

"ఇంట్లో వంట చీకట్లోనే చేస్తానండీ. దీపం పెడితే మావారికి నిద్ర చెడుతుంది."

ఎవరూ నవ్వలేదు. రాజారత్నం దగ్గాడు, క్లోరిన్ ఘాటు ఆయన దాకా రాకపోయినా.

మర్నాడు తెల్లారుజామున రాహేలు వంటింట్లో లాంతరు వెలిగించి, వత్తి పెద్దది చేసింది. వెలుతురు నడవ దాటి ఆయన మంచం దాకా వెళ్ళింది. ఆమె తగ్గించలేదు.