చెట్లకే వదిలేసిన గొడ్డళ్లు

పెయింటరు తిరుమలేష్ శవంతో అంబులెన్సు సింగపూర్ షిప్‌యార్డు గేటు దాటిందో లేదో, సూపర్‌వైజరు జగన్మోహనరావు ట్యాంకు మూత పక్కనున్న పలక మీద చెయ్యి వేశాడు. ఓడ ట్యాంకులోకి దిగే ప్రతివాడూ తన ఫొటో ట్యాగు ఆ పలకకు తగిలించి దిగాలి, పైకొచ్చాక తనే తీసుకోవాలి. ఒక్క ట్యాగు వేలాడుతున్నా మూత బిగించకూడదు. తిరుమలేష్ ట్యాగు ఇంకా అక్కడే ఉంది.

"అది ముట్టకండి సారూ," అన్నాడు తోటి పెయింటరు ఏడుకొండలు.

"ఆడికి గుండెజబ్బురా. డెక్కు మీదే పడిపోనాడు. అందరూ అదే సెప్పాలి. దిగండి, పెయింటు పని మిగిలిపోనాది. నేదంటే మీ వర్కు పర్మిట్లు కేన్సిలు!"

ట్యాంకులో విషవాయువుందేమోనని గాలి పరీక్ష చెయ్యకుండా దింపి చంపారు వాణ్ణి. ఇప్పుడదే ట్యాంకులోకి వీళ్లను దిగమంటున్నాడు. ఈ జగన్మోహనరావుదీ శ్రీకాకుళమే, మనవాడే కదా అని నమ్మి వచ్చారందరూ.

"పిల్లలున్నోలం. దిగీసి వొచ్చీద్దాం," గొణిగాడు జట్టులో పెద్దవాడైన భద్రయ్య.

"ఒక్కమాట ఇను బాబాయ్," అన్నాడు ఏడుకొండలు. ఓడ ఇంజినీరు వసీల్‌ది యుక్రెయిన్ కొండల్లో చిన్న పల్లె. యుద్ధం వల్ల ఇంటికి పోలేక, టీ తాగేటప్పుడల్లా ఆ ఊరి పాత సంగతులే చెప్పుకునేవాడు. అందులో ఒకటి ఎత్తుకున్నాడు ఏడుకొండలు.

"ఆల అడవంతా దొరదే. సెట్టు మీదపడి ఎవుడైనా సచ్చిపోతే ఊరోలు కొయ్యబాకా ఊదీవోరట. అది ఇంటే కొండంతా పని ఆపీసీవోరు. ఒకపాలి దొర ఆ బాకా ఇరగ్గొట్టీసి, సచ్చినోడు తాగి పడ్డాడని సెప్పమన్నాడు. అప్పుడు ఊరోలు గొడ్డళ్లు తిరగేసి మానుల్ని బాదినారు. కొండకీ కొండకీ ఇనపడింది. గొడ్డళ్లు సెట్లకే దిగ్గొట్టి వొదిలీసి కొండ దిగిపోనారు. దొరొచ్చి శవాన్ని బుజాన మోసీదాకా ఒక్కడూ గొడ్డలి పీకనేదు."

"దొర ఊరుకున్నాడేటి?" అడిగాడు భద్రయ్య.

"నేదు. తరవాత ఇద్దర్ని ఉరి తీయించినాడు. మల్లీ బాకా మాత్రం ముట్టనేదు."

ఏడుకొండలు తన ట్యాగు తీసి తిరుమలేష్ ట్యాగు పక్కన తగిలించాడు. ట్యాంకులోకి దిగలేదు, డెక్కు మీదే చతికిలబడ్డాడు.

"పలక మీద సూస్తే నాను లోపలున్నట్టే. మూత బిగించండి, సూద్దాం!"

భద్రయ్య ముందుకు వచ్చాడు. తన ట్యాగూ తగిలించాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. పలక నిండిపోయింది. మెట్లెక్కి వచ్చిన వసీల్ ఏమీ అడగలేదు, తన కార్డు కూడా అక్కడే తగిలించి వాళ్ల మధ్య కూర్చున్నాడు.

జగన్మోహనరావు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. సెక్యూరిటీ వాళ్లు వచ్చారు.

"ఎవడు మొదలెట్టాడు?" అని ఇంగ్లీషులో అడిగాడు వాళ్లలో ఒకడు.

"నానే," అని లేచాడు ఏడుకొండలు. ఊళ్లో పెళ్లాం అంకమ్మ, పిల్లలు కళ్లముందు మెదిలారు. భయం వేసింది. వెనక్కి మాత్రం తగ్గలేదు.

"నీ ట్యాగు తీసీ! మిగతా అందర్నీ వొదిలీస్తాను," అన్నాడు జగన్మోహనరావు, గొంతు తగ్గించి.

"ఎవుడిది ఆడే తియ్యాలని నువ్వే కదా నేర్పినావు సారూ. ముందు తిరుమలేష్‌ని తీసుకోమను."

సెక్యూరిటీ వాళ్లు అతన్ని రెక్కలు పట్టుకుని తమ వ్యాను దగ్గరికి నడిపించారు. తలుపు మూస్తుండగా వెనక ఖణేల్‌మని మోగింది. భద్రయ్య సుత్తితో ఓడ గోడను బాదుతున్నాడు. తర్వాత అందరి సుత్తులూ మోగాయి. ఆ వెంటనే పక్క ఓడ మీది బెంగాలీలు అందుకున్నారు. ఆ అవతల తమిళులు అందుకున్నారు.

వ్యాను గేటు దాటినా ఆ చప్పుడు ఏడుకొండలుకు వినబడుతూనే ఉంది.