మలుపు అవతలి బల్ల

మా మావయ్య దర్జీ. కోర్టంటే ఆయనకు గుడ్డినమ్మకం. చొక్కా బిగుతైతే కుట్టినవాణ్ణి అనాలి గానీ టేపును అనకూడదంటాడు. "టేపే సాగిపోయిందయ్యా మగడా" అంటుంది అత్త. ఇద్దరి మధ్యా కూర్చుని అన్నం తింటూ నేను ఇద్దరినీ ప్రశ్నలతో చంపుతుంటాను. అందుకే ఇంట్లో నన్ను ప్రశ్నపత్రం అంటారు.

తన కుట్టు కొట్టు కేసులో పోయిన వాయిదాకి మావయ్య పొద్దస్తమానం కోర్టులోనే కూర్చుని వచ్చాడు. తీరా చూస్తే, పిలిస్తే పలకలేదని, అసలు రాలేదని రాసేసి, కొట్టు ఖాళీ చెయ్యమని ఓనరు వైపు తీర్పిచ్చేశారు. "ఎవడో చెయ్యి తడిపుంటాడు" అంది అత్త. "నేనే కునుకు తీసుంటాను" అన్నాడు మావయ్య. ఎందుకు పలకలేదో చెప్పుకోవడానికి ఈ రోజు మళ్లీ రమ్మన్నారు. జడ్జిగారు ఒప్పుకుంటే కేసు మొదటినుంచి వింటారు. లేకపోతే ఆయన సగం జీవితం గడిపిన ఆ కొట్టుకు తాళమే. నిజం చెప్పడానికి ప్లీడరెందుకని ఆయన ఒంటరిగా బయలుదేరాడు. అత్త మాట నిజమో, మావయ్య మాట నిజమో కళ్లారా చూద్దామని నేనూ వెంటపడ్డాను.

కోర్టు వరండా మెట్ల దగ్గర మొదలై, హాలు గుమ్మం దాటాక మలుపు తిరుగుతుంది. కూర్చునే బల్లలన్నీ ఆ మలుపు అవతల, గడగడలాడే పెద్ద ఫ్యాను కింద ఉన్నాయి. మావయ్య వెళ్లి అక్కడ కూలబడ్డాడు. పక్కన సంచి ఒళ్లో పెట్టుకున్న పెద్దావిడ ఉంది. ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి మొదలుపెట్టారు. ఇక వాళ్లకు నాతో పనిలేదు.

నేను గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాను. బంట్రోతు మెట్ల వైపు ముఖం పెట్టి ఒక్కో పేరూ మూడుసార్లు పిలుస్తున్నాడు. గొంతు ఖంగుమంటోంది. ప్లీడర్లంతా మెట్ల దగ్గరే ఉన్నారు కనక వాళ్ల మనుషులు వెంటనే లోపలికి పోతున్నారు. కొన్ని పేర్లకు ఎవరూ పలకడం లేదు. అప్పుడు జడ్జిగారు కాసేపు ఆగి, గుమ్మం వైపు చూసి, ఏదో రాసుకుంటున్నారు. ఆయనలో తొందర లేదు, విసుగు లేదు. నిజం చెప్పొద్దూ, ఆయన నాకు నచ్చారు.

"అన్నా, ఎప్పుడూ అటే తిరిగి పిలుస్తారేం?" అని బంట్రోతునడిగాను.

"బల్లలు అటే ఉండేవమ్మా. గోడలకు రంగులేసినప్పుడు ఇటు జరిపారు."

"మరి మలుపు దాకా వెళ్లి పిలవచ్చుగా?"

"వెళ్తే జడ్జిగారికి కనపడను. నేను పిలవడం ఆయన చూడాలి, వినాలి. విన్నాకే గదా రాలేదని రాస్తారు. ఊరికే రాసేస్తారనుకున్నావా?"

"ఆయనకు వినపడుతోంది, సరే. ఆ పేర్ల వాళ్లకో?"

అతను నన్ను అప్పుడు సరిగ్గా చూశాడు. "వినపడలేదని ఇంతవరకూ ఎవరూ అనలేదమ్మా" అన్నాడు. పిలిచారనే తెలియనివాళ్లు వినపడలేదని ఎలా అంటారో అడిగేలోపు మావయ్య పేరు పిలిచాడు. ఒక్క పరుగున వెళ్లి ఆయన్ను లాక్కొచ్చాను. సంగతి చెప్పే వ్యవధి లేకపోయింది.

"పోయినసారి పిలిచినప్పుడు ఎక్కడున్నారు?" అని అడిగారు జడ్జిగారు.

"బల్లమీదేనండి. కునుకు పట్టేసుంటుంది. తప్పు నాదేనండి."

నేను నోరు తెరవబోయాను. బంట్రోతు పెదవుల మీద వేలు పెట్టుకుని నన్ను ఆపాడు.

"పెద్దవారు, పోనివ్వండి. కేసు మళ్లీ వింటాను. ఇకమీదట మెలకువగా ఉండండి" అన్నారు జడ్జిగారు, మెత్తగానే.

మావయ్య వంగి దండం పెట్టాడు. కొట్టు నిలిచినందుకు నాకు ఏడుపొచ్చింది. చెయ్యని తప్పుకు క్షమాపణ దొరికినందుకు ఒళ్లు మండింది.

"చూశావా ప్రశ్నపత్రం? వెళ్లి మీ అత్తకు చెప్పు" అంటూ ఆయన కాసేపు కాళ్లు చాపుకుందామని మళ్లీ బల్ల దగ్గరికే నడిచాడు. నేను మలుపులో ఆగిపోయాను. ఇటు చూస్తే బంట్రోతు, అటు చూస్తే మావయ్య. నా వెనక బంట్రోతు ఎవరో ఆడమనిషి పేరు మూడుసార్లు పిలిచాడు. ఎదురుగా మావయ్య జడ్జిగారి మంచితనం గురించి పెద్దావిడకు చెబుతూనే ఉన్నాడు. బల్లమీది ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పలేదు.

దగ్గరికి వెళ్లాను. "మావయ్యా, ఇప్పుడు ఎవరిని పిలిచారు?"

"ఎవర్నీ పిలవలేదే. ఇక్కడే కూర్చున్నాంగా."

నేను విన్న పేరు చెప్పాను. పెద్దావిడ సంచి గుండెకు హత్తుకుని లేచింది. "అది నేనేనమ్మా" అంది.

మావయ్య తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. తరవాత మలుపు వైపు చూశాడు.

"అయితే ఆ రోజు నేను నిద్రపోలేదు" అన్నాడు మెల్లగా.

మోకాళ్ల మీద చేతులానించి లేచాడు. పెద్దావిడ సంచి తన చేతిలోకి తీసుకుని గుమ్మం వైపు ముందు నడిచాడు.

"రండమ్మా. మీరెందుకు పలకలేదో నేను చెబుతాను."