వేడిగదిలో ఒక్కడు

ధనకోటి తలుపును వీపుతో నెట్టి, తోపుడు బండిని తనవైపు లాక్కుంటూ వేడిగదిలోకి అడుగుపెట్టాడు. వెనకే తలుపు తనంతట తాను మూసుకుంది. కట్టెలపొయ్యి ముందు వంగినప్పటి వేడి మొహాన కొట్టింది. ఆయన పట్టించుకోలేదు. కెమెరాలను ఒక్కొక్కటిగా తీసి, అరలో పెట్టి, తీగ తగిలించి, పచ్చలైటు వెలిగేదాకా చూసి రెండోదానికి కదిలాడు.

యాభై దాటిన మనిషి. పొడుగ్గా, సన్నగా, మెడ ఎముకలు కాలరులోంచి బయటికి తొంగిచూస్తూ ఉంటాడు. ముంజేతుల మీద అరల అంచులు తగిలి కాలిన మచ్చలు. కనుబొమలు ఎప్పుడో పలచబడిపోయాయి. తిరుత్తణి దగ్గరి పల్లెనుంచి తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి, తిరువళ్లూరు దాటాక దిగి, ఈ గదిలో దూరతాడు. ఇంతకాలం ఆయన జీవితమంతా ఈ రాకపోకల్లోనే గడిచిపోయింది.

కొత్తగా తయారైన వస్తువు అట్టపెట్టెలోకి వెళ్లేముందు కొన్ని గంటలు ఈ వేడిలో పనిచేస్తూ నిలబడాలి. చచ్చేదేదో ఇక్కడే చస్తుంది, కొన్నవాడి ఇంట్లో పరువు తీయదు. ఇప్పుడు చేస్తున్నవి ఇంటి కెమెరాలు. గోడకి తగిలిస్తే, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా కింద పడితే కనిపెట్టి పిల్లల ఫోనుకి కబురు పంపుతాయట. కొన్నవాడు పీకేదాకా వాటి కంటి మీద నల్ల స్టిక్కరు ఉంటుంది. కన్ను మూసి ఉండగా 'ఎవరో పడ్డారు' అని కబురు పంపిన కెమెరా అబద్ధాలకోరన్నమాట. దాని వరసా, అరా ధనకోటి నడుముకున్న స్కానరులో కనిపిస్తాయి. స్కానరు గుర్రుమంటుంది. ఆయన వెళ్లి దాన్ని తీసి ఎర్ర పళ్లెంలో పడేస్తాడు.

పూర్వం ఇలా కాదు. ఆయన చేరినప్పుడు టేపు రికార్డర్లు, ఆ తర్వాత టీవీలు. నోరులేని వస్తువులు. ఏది బాగుందో ఏది చెడిందో మనుషులే తిరిగి చూడాలి. లోపల ధనకోటి, తలుపు బయట బల్ల దగ్గర వెంకటపతి. ఎవరు నేర్పారో ఏమో, ఇద్దరికీ ఒక అలవాటు. కాసేపు లోపలినుంచి చప్పుడు లేకపోతే వెంకటపతి తలుపు మీద అరచేత్తో కొట్టి, "ఉండావా?" అని కేకేసేవాడు. "ఉండా!" అని ధనకోటి బదులిచ్చేవాడు. రోజంతా అదే మాట, అదే బదులు. వినేవాళ్లకి పిచ్చిలా ఉండేది. వాళ్లిద్దరికీ మాత్రం అది ఊపిరి తీసుకోవడమంత మామూలు.

తర్వాత వస్తువులకి నోరొచ్చింది. తమ జ్వరం తామే చెప్పుకోవడం మొదలుపెట్టాయి. గేటు దాటి ఏ ఊరు చేరినా, ఏ గోడకెక్కినా, అక్కడినుంచి కూడా కంపెనీకి రోజూ కబురు పెడతాయి. చూసే మనుషులతో ఇక పనేముంది? వెంకటపతి బల్ల తీసేశారు. ఆయనిప్పుడు ఆవడిలో ఏదో అపార్టుమెంటుకి కాపలా. ఆయన బదులు స్కానరు ధనకోటి నడుముకెక్కింది.

స్కానరులోని ఇంగ్లీషు ధనకోటికి రాదు, అంకెలు మాత్రం తెలుసు. వాటిని మేడమీది అద్దాల గదిలో ఎవరో అమ్మాయి కూర్చుని పంపుతోందని ఆయన నమ్మకం. ఎవరూ చెప్పలేదు, ఆయనే అలా అనుకున్నాడు. స్కానరు గుర్రుమన్నప్పుడల్లా, "సరేమ్మా" అని బదులు కూడా ఇస్తాడు. పలకరించేవాళ్లు లేనిచోట మనిషి ఎవరో ఒకరిని కల్పించుకోకుండా ఎలా ఉంటాడు?

పోయిన వారం ఈ గదిలోనే కళ్లు బైర్లు కమ్మి అర పట్టుకుని నిలబడ్డాడు. ఎడమ చెయ్యి లాగింది. ఎవరికీ తెలియలేదు, ఆ తెలియకపోవడమే ఆయన్ని భయపెట్టింది. ఇవాళ పొద్దున అంబలి గిన్నె అందిస్తూ గోవిందమ్మ భర్త మొహం పట్టిపట్టి చూసింది.

"ఏమయ్యా, ఈ పొద్దు పోకపోతే ఏమైతాది? నీ మొగం నువ్వు చూసుకున్నావా?"

"ఉక్కకి అట్ల ఉండాది. వదులు, బస్సు పూడస్తాది, ఇంక దొరకదు" అని లేచొచ్చేశాడు.

మధ్యాహ్నం అంబలి సగం తాగి పక్కన పెట్టి, సూపర్‌వైజరు హేమనాథ్ దగ్గరికి వెళ్లాడు. పక్క ఊరి పిల్లవాడే, మామా అని పిలుస్తాడు.

"నాకు జతగా ఇంకొకణ్ణి ఇయ్యప్పా."

"ఎందుకు మామా? పని ఎక్కువైందా?"

"పని కాదు. పోయిన వారం కండ్లు తిరిగి మయక్కం మాదిరి వచ్చింది. లోపల పడిపోతే ఎవరికి తెలుస్తాది?"

"డాక్టరు కాడికి పొయ్యినావా?"

"పోతే వేడిగదికి పనికిరావని రాసేస్తాడు. ఆమీద నన్ను యాడ పెడతావు నువ్వు?"

హేమనాథ్ చేతిలోని ఫోను వైపు చూస్తూ అన్నాడు: "నువ్వు బయపడొద్దు మామా. అంతా సిస్టం చూసుకుంటాది. దానికి తెలవకుండా లోపల ఏమీ జరగదు."

"చూస్తానే ఉంటాదా?"

"ఎప్పుడూ చూస్తానే ఉంటాది."

ధనకోటి ఆ మాట పట్టుకుని తిరిగి గదిలోకి వచ్చాడు. అరలకేసి చూశాడు. గది నిండా కెమెరాలు, ఒక్కదానికీ కన్ను తెరిచి లేదు. ఇక మేడమీది ఆ పిల్ల ఎలా చూస్తుంది పాపం?

నాలుగో వరస కింది అరలో, నడవాకి ఎదురుగా ఉన్న కెమెరా ముందు గొంతుక్కూర్చున్నాడు. గోటితో నల్ల స్టిక్కరు అంచు లేపి మెల్లగా పీకాడు. పారేయడం తప్పనిపించి చొక్కా జేబు మీద అంటించుకున్నాడు. నున్నటి అద్దం కంట్లో చిన్నగా తన మొహం కనిపించింది. ఎవరింటికో చుట్టంగా వెళ్లినట్టు తల సవరించుకున్నాడు.

"ఉండావా?" అన్నాడు.

పచ్చలైటు వెలుగుతూనే ఉంది. ధనకోటికి చాలా రోజుల తర్వాత మనసు కుదుటపడింది. లేచి, పాత పాటేదో గొణుక్కుంటూ బండి ఖాళీ చేయసాగాడు.

చివరి కెమెరా అందుకోబోతుంటే ఎడమ చెయ్యి మాట వినలేదు. గుండెమీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. తలుపు వైపు అడుగేశాడు, తలుపు దూరంగా జరిగింది. నడవాలో కూలబడి, పక్కకి ఒరిగిపోయాడు.

నడుము దగ్గర స్కానరు గుర్రుమంది.

చూసింది, అనుకున్నాడు ధనకోటి. చూసింది, ఎవరినో ఒకరిని పంపుతుంది. మొహం మీదికి నవ్వులాంటిది వచ్చింది. "సరేమ్మా" అనబోయాడు. మాట పెదాల దాకా రాలేదు.

మేడమీది అద్దాల గదిలో అమ్మాయి లేదు. ఎప్పుడూ లేదు. చల్లటి గాలిలో నిలువెత్తు యంత్రాలు మాత్రం ఉన్నాయి. కన్ను మూసి ఉండాల్సిన కెమెరా ఒకటి 'మనిషి పడ్డాడు' అంటోంది కనుక అది అబద్ధమని తేల్చాయి. దాన్ని తీసేయమని ఆ గదిలో ఉండే మనిషికి ఆజ్ఞ పంపాయి. తీయకపోయేసరికి మళ్లీ పంపాయి. స్కానరు ధనకోటి నడుము దగ్గర గుర్రుమంటూనే ఉంది.

ఆయన చోట సాయంత్రం షిఫ్టుకొచ్చిన బేబి తలుపు తీసి పెట్టిన కేకకి అందరూ పరుగెత్తుకొచ్చారు. ఎత్తుకుపోయేటప్పటికే ఒళ్లు బిగుసుకుపోయింది. గది వేడికి చేతులింకా వెచ్చగానే ఉన్నాయని మోసినవాళ్లు చెప్పుకున్నారు. హేమనాథ్ గోవిందమ్మకి ఫోను చేయాలని పేరు వెతికి, నొక్కలేక, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

లైను ఆపమని పైనుంచి ఎవరూ చెప్పలేదు. బేబి కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆయన నడుమునుంచి తీసిన స్కానరు తను తగిలించుకుంది. అది మళ్లీ గుర్రుమంది. నాలుగో వరస, కింది అర. ఆమె వంగి ఆ కెమెరాను తీసింది.

ఎర్ర పళ్లెంలో మిగతావాటి మధ్య పడి ఉంది అది. దాని కంటి మీద మాత్రం నల్ల స్టిక్కరు లేదు.