వెనక షాక్‌లో గాలి

చెల్లెలు కొత్త సైకిల్ కొనుక్కుంటానంటే అక్క మొదట నవ్వేసింది. "ఉన్నదాన్ని దాటుకుని గుమ్మంలోకి రావడానికే మోకాళ్ళు కొట్టుకుపోతున్నాయి. ఇంకోటి నెత్తిన పెట్టుకుంటావా బొద్దూ?" అంది. చిన్నప్పుడు నవ్వితే బుగ్గల్లో కళ్ళు మునిగిపోయేవి కాబట్టి చెల్లెలికి ఇంట్లో ఆ పేరు స్థిరపడిపోయింది.

నాన్న పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. అక్క సిటీ బస్సు నడుపుతుంది. చెల్లెలు ఒక ప్రెస్సులో పుస్తకాలు బైండింగు చేస్తుంది. సెలవు దొరికితే చాలు, ఊరవతల కొండదారుల్లో రాళ్ళమీద సైకిల్ తొక్కడం ఆమెకు పిచ్చి. అక్కడే ఆడవాళ్ళకి పోటీ పెడుతున్నారు. పాత సైకిల్‌కి కుదుపుని మింగే షాక్ ముందు చక్రం దగ్గరే ఉంది. వెనక చక్రం కింద రాయి పడ్డప్పుడల్లా ఆ దెబ్బ నేరుగా వెన్నులోకి వస్తుంది. అందుకని ఈసారి ముందూ వెనకా రెండుచోట్లా షాక్ ఉన్న ఫుల్ సస్పెన్షన్ సైకిలే కావాలని పట్టుబట్టింది. తోడు రమ్మంటే అక్క తన సెలవు రోజు చూసుకుని బయల్దేరింది.

దుకాణం నడిపే ఆవిడ ఒకప్పుడు తనూ పోటీల్లో తొక్కిన మనిషే. కళ్ళజోడు జుట్టులోకి తోసుకుని, మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ రెండు సైకిళ్ళు పక్కపక్కన నిలబెట్టింది.

"ఇది ఆడవాళ్ళ కోసం చేసింది. హ్యాండిల్ వెడల్పు తక్కువ, బ్రేకు పిడి వేళ్ళకి దగ్గరగా ఉంటుంది. షాక్ కూడా తేలికపాటి మనిషికి లొంగుతుంది. అదేమో ఎవరైనా తొక్కేది. కాస్త మొండిగా ఉంటుంది."

"నాకా మొండిదే ఇవ్వండి. ఆడవాళ్ళదని చెప్పి ఓ పువ్వు బొమ్మ అతికించి అంటగడతారు," అంది చెల్లెలు.

"పువ్వు ఎక్కడుందో వెతుక్కో తల్లీ. కనిపిస్తే సైకిల్ ఊరికే ఇచ్చేస్తా."

ముగ్గురూ నవ్వుకున్నారు. చెల్లెలు మొండి సైకిల్ ఎక్కి, గోడకి మోచెయ్యి ఆనించి కూర్చుంది. దుకాణం ఆవిడ బరువెంతని అడిగింది. చెల్లెలు తడుముకోకుండా చెప్పింది. ఆవిడ ఓసారి పైనుంచి కిందికి చూసి, ఆ బరువుకి తగ్గట్టు చిన్న పంపుతో వెనక షాక్‌లో గాలి నింపింది. షాక్ కడ్డీ మీద సన్నటి రబ్బరు రింగు ఒకటి ఉంది. మనిషి కూర్చున్నప్పుడు షాక్ ఎంత దిగితే రింగు అంత జరుగుతుందని, ఇంచుమించు పావువంతు జరిగితే సరిగ్గా ఉన్నట్టని అక్కకి చూపించింది.

రింగు జరిగీ జరగనట్టు జరిగింది.

"ఇంకాస్త బరువు వేసి కూర్చో."

"వేశాను."

గాలి తీసి, కొలిచి మళ్ళీ నింపినా అంతే. ఆడవాళ్ళ సైకిల్ మీద కూర్చోబెట్టినా అంతే. పంపు పాడైందేమోనని చివరికి దుకాణం ఆవిడ, తన బరువూ ఇంచుమించు అంతే కాబట్టి, తనే ఎక్కి కూర్చుంది. రింగు చక్కగా పావువంతు దిగింది.

"పంపు బాగానే ఉంది. నువ్వు చెప్పిన బరువు ఎప్పటిది?"

"ఈమధ్యే చూసుకున్నా. గాలి కొంచెం తీసెయ్యండి, అదే సరిపోతుంది."

"ఎంత తియ్యాలో తెలియాలి కదమ్మా. వెనక పార్సిళ్ళు తూచే మిషన్ ఉంది, ఒక్క నిమిషం ఎక్కు."

"అక్కర్లేదు." ఆ మాట మరీ గట్టిగా వచ్చింది. చక్రంలో గాలి పట్టించుకుంటున్న ఎవరో తలతిప్పి చూశారు.

"ఎక్కితే ఏం పోయిందే? నేనేమన్నా దిష్టి పెడతానా?" అంది అక్క. అంటూనే చెల్లెలి చేతివైపు చూసింది. బ్రేకు పిడి మీద వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

చెల్లెలు మిషన్ ఎక్కింది. ముల్లు చెప్పిన బరువుకి చాలా ఇవతలే ఆగింది. నాలుగేళ్ళ పిల్లంత బరువు ఆ ఒంట్లోంచి దిగిపోయింది.

రోజూ ఎదురుగా తిరిగే మనిషి కాబట్టి కంటికి ఆనలేదు. ఆనకపోవడమేమిటి, ఆనింది. సన్నబడ్డావే అని తనే మెచ్చుకుంది. ప్రెస్సులో వాళ్ళు, పక్కింటి వాళ్ళు, అందరూ మెచ్చుకున్నారు. రెండు కంచాల తిండి ఒక్కతే తింటుంటే, నీ ఆకలికి నా బస్సు డీజిలు కూడా చాలదని ఎగతాళి చేసింది. తిన్నదంతా ఎక్కడికి పోతోందని మాత్రం అడగలేదు.

"ఎప్పట్నుంచే?"

"తొక్కుతున్నాగా, కరిగింది," అని చెల్లెలు బయటికి వెళ్ళిపోయింది.

దుకాణం ముందు కాలిబాట అంచున కూర్చున్న చెల్లెలి పక్కన అక్క కూడా కూర్చుంది. ఎండేమీ లేదు, అయినా చెల్లెలి మెడంతా చెమట. ఆ మెడ పక్కన నరం కొట్టుకోవడం కంటికే కనిపిస్తోంది.

"పోటీ అయ్యాక వెళ్దాంలే అక్కా, డాక్టరు దగ్గరికి."

"అంటే నీకు తెలుసన్నమాట."

"నాన్న ఒళ్ళు తగ్గేకొద్దీ బెల్టుకి కొత్త కన్నాలు పొడుచుకుంటూ వచ్చాడు, గుర్తుందా? ఆయనకి ఆ జబ్బని తెలిశాక ఇంక మంచం దిగనిచ్చారా? నాకూ అదే అయితే, తెలియకముందు ఒక్కసారి ఆ కొండెక్కి దిగుదామనుకున్నా. మంచి సైకిల్ మీద."

బస్సుకి అడ్డంగా ఎవరైనా వస్తే అక్కకి ముందు బ్రేకు, తర్వాతే భయం; ఏళ్ళ తరబడి అలవాటది. చెల్లెలి రెక్క పట్టుకుని లేపింది. "లే. ఇప్పుడే వెళ్తున్నాం."

"పరీక్ష రేపు చేయించుకోవచ్చు."

"లే అన్నాను."

ఆసుపత్రిలో రక్తం తీశారు, ఛాతీకి వైర్లు అంటించి చూశారు. తెలిసేదాకా అక్కాచెల్లెళ్ళు బల్లమీద ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నారు. నాన్నకొచ్చింది కాదని డాక్టరమ్మ చెప్పింది. గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి హద్దు మీరి పనిచేస్తోందట. మందులకి లొంగుతుందట. కానీ గుండె లయ తప్పింది.

"మరి పోటీ?" అంది చెల్లెలు.

డాక్టరమ్మ కాగితం మీంచి తల ఎత్తింది. "ఈ గుండెతో కొండెక్కితే సగంలోనే పడిపోతావు. గుండె కుదుటపడేదాకా ఆ మాటెత్తకు."

చావు తప్పిందని చెల్లెలు సంతోషిస్తుందని అక్క అనుకుంది. చెల్లెలు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. పలకరిస్తే పొడిపొడిగా సమాధానం. ఒకనాడు మాత్రం, "సన్నబడ్డానని నువ్వు మురిసిపోతుంటే ఎలా చెప్పమంటావు?" అంది. ఆ మాట బస్సులో కూడా అక్కతో వచ్చి కూర్చుంది. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడల్లా, వెనక ఉన్న ఆడవాళ్ళ ముఖాలు అద్దంలో చూస్తూ, ఎవరింట్లో ఎవరు ఏం దాస్తున్నారో అనుకునేది.

పోటీ వీళ్ళు లేకుండానే జరిగిపోయింది. తర్వాత దుకాణం ఆవిడ ఫోన్ చేసింది. సైకిళ్ళు రెండూ పక్కన పెట్టి ఉంచానని, అక్కర్లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని. అక్క వద్దని చెప్పబోతుంటే చెల్లెలు ఫోను లాక్కుంది.

"ఆ ఆడవాళ్ళదే ఇవ్వండి. చేతులు వణుకుతున్నా బ్రేకు అందుతోంది. షాక్‌లో గాలి ఇప్పటి బరువుకే పెట్టండి. పెరిగితే మళ్ళీ వస్తా."

మందులు పట్టాయి. చదును దారిలో మెల్లగా తొక్కొచ్చని డాక్టరమ్మ ఒప్పుకున్నాక, చెల్లెలు కొత్త సైకిల్‌తో బయల్దేరింది. పాతదాని మీద అక్క వెనకే, ఆయాసపడుతూ, గతుకు గతుక్కీ తిట్టుకుంటూ వెళ్ళింది. గులకరాళ్ళ దారిలో ముందు సైకిల్ నీళ్ళమీద వెళ్తున్నట్టు వెళ్ళింది. చాలా రోజుల తర్వాత చెల్లెలు వెనక్కి తిరిగి నవ్వింది.

ఎత్తు మొదలైన చోట మాత్రం తనే ఆగింది. ఆగమని అక్క నోరు తెరవనే లేదు. ఒక కాలు నేలమీద ఆనించి, రెండు వేళ్ళు మెడ నరం మీద పెట్టి చూసుకుని, పైకి పోయే దారివైపు చూస్తూ చాలాసేపు నిలబడింది. ఇదివరకు ఆమె ఏ ఎత్తు దగ్గరా ఆగి చూసిన మనిషి కాదు. ఈ జాగ్రత్తకి సంతోషించాలో ఏడవాలో అక్కకి తెలియలేదు.

"వెళ్దాం పద," అని చెల్లెలే సైకిల్ వెనక్కి తిప్పింది.