కూయని కుక్కరు

వైశాఖమాసమున నొకనాటి ప్రభాతము. చంపావతీనదీసైకతములపై రాత్రియెల్ల బరుండి చల్లబడిన గాలి తూర్పుకొండలనడుమ నెర్రనిరేఖ పొడసూపినతోడనే మేల్కాంచి జీడిమామిడితోపుల వగరుతావియు బనసపండ్ల తీపుతావియు మూటగట్టుకొని జూటుమిల్లు కార్మికుల యిండ్లవరుసకు మెల్లమెల్లగా వచ్చుచుండెను. ఒండొంటి నానుకొని నిలిచిన పండ్రెండిండ్లా వరుస. వాని గోడలు పలుచన. పొరుగింటి దగ్గు మనయింటి దగ్గువలెనే వినవచ్చును. మిల్లుకూత వినబడి మొదటిషిఫ్టువారి సైకిళ్లు గదలిపోయినపిదప నా యిండ్ల కుక్కరులు వరుసగా కూయుట యచ్చటి నిత్యవిధి. మొదటియింటిది కోయిలవలె సాగదీసి కూయును. నాలుగవయింటిది కోపించిన పామువలె బుసకొట్టి యూరకుండును. పదియవయింటి యెర్రయ్యమ్మ కుక్కరు ముమ్మారు కూసి నాలవమారు తుమ్మును. ఎవరింటికి జుట్టములు వచ్చినారో యెవరింట నిల్లాలికి జ్వరము తగిలినదో యా కూతలనుబట్టియే యెరుగుట యచ్చటి స్త్రీల వాడుక.

అట్టి యా యుదయమున దొమ్మిదవయింటి కుక్కరు కూయలేదు. కూయకుండుట కది నాలవదినము.

ఆ యిల్లు మిల్లులో మగ్గము నడపు సన్యాసినాయునిది. అతని యిల్లాలు అప్పలనరసమ్మ. వారికి బిడ్డ లిద్దరు. పెద్దది పైడిరత్నము. చిన్నవాడు తవిటినాయుడు బజారులో సెల్‌ఫోనులు బాగుచేయువాడు. ఈ యిద్దరినడుమ బుట్టిన శిశువు దక్కమిచే దల్లి యితనిని బుట్టినవెంటనే పొరుగామెకు జేటెడు తవుటి కమ్మి మరల దెచ్చుకొన్నది. అందుచే నా పేరు. పేరున దవుడున్నదిగాని యతని నాలుక తవుడెరుగదు. మైదాతో జేసినదియు నూనెలో వేగినదియు దప్ప నొండురుచి నది సహింపదు.

పైడిరత్నము మాత్ర మా వంశమున గళాశాలగడప ద్రొక్కినవారిలో మొదటిది. పట్టణమున వసతిగృహమం దుండి చదివిన మూడేండ్లును దిన్నదెల్ల గడుపులో నిప్పుగా మారగా రాత్రులు మోకాళ్లు కడుపున జేర్చుకొని పరుండెడిది. చదువు ముగించి బడిలో సైన్సు బోధించు పని సంపాదించి యిల్లు చేరినపిదప ఫాల్గుణమాసమున నొక నియమము పూనెను. మొలకెత్తిన పెసలు, కొబ్బరి, దోసకాయ, కేరట్టు, మామిడి, తాటిముంజలు, ఇవియే యామె యాహారము. ఆదివారమున మాత్ర మొక్క ముద్ద వండిన యన్నము. రెండునెలలకు గడుపుమంట చల్లారెను. ఇది యెల్లరకు దగునని యామె యేనాడు ననలేదు. తనకు దగినదని మాత్ర మెరుగును. ఎరిగినదానిని విడుచుట యామె కలవాటు లేదు.

ఆ యింటి వంటగదిలో బొయ్యికి మీదుగా నొక బల్లయర గలదు. దానిపై నూడుల్సు పేకెట్లును జిప్సు సంచులును రస్కుడబ్బాలును సాంబారుపొడి పొట్లములును ముఖములన్నియు ముందునకుండునట్లు పేర్చి యప్పలనరసమ్మ ప్రతిశుక్రవారము తడిగుడ్డతో దుడుచును. ఆ యర నిండియుండుట యామెకు మెడలో బంగార ముండుటకంటె మిన్న. అట్టి యర క్రింద గూర్చుండి కన్నకూతురు పచ్చిదోసకాయ గొరుకుచుండుట యామె కన్నులలో ముల్లయ్యెను. గడచిన గురువారమున నా ముల్లు నోటికి వచ్చెను.

"ఏటే గుంటా, ఆ మేక తిండేటి? సదువుకున్నోలు సేసీ పనేనా ఇది?"

"అప్ప పక్కన కూకుంటే ఆవు నెమరేసినట్టే ఉంతదమ్మా" అని తవిటినాయుడు నూడుల్సు గిన్నెనుండి తల యెత్తకయే పలికెను.

"నా కడుపు సంగతి నాకు తెలుసమ్మా. ఆదివారం నీ చేతి ముద్ద తింటన్నాను గదా" అని పైడిరత్నము శాంతముగా బదులు చెప్పెను.

"వారానికో ముద్దా? అమ్మోరికి నైవేద్దెం ఎట్టినట్టా? నా సిన్నప్పుడు మా పొయ్యిలో పిల్లి లేసీది కాదే. సేలో సిలగడదుంప పీకి, మట్టి దులిపి పచ్చిదే నమిలీవోలం. ఆ కూడు తప్పించుకుందామనే మీ అయ్య మిల్లులో సేరినాడు. నువ్వు సదువుకొచ్చి మల్లా అక్కడికే పోతానంతన్నావు."

"నువ్వు లేక తిన్నావమ్మా. నేను ఉండి తింటన్నాను."

"సూసినోలకి రెండూ ఒకలాగే ఉంతాయి" అని తల్లి యనెను. ఆ మాట కూతురికి దగిలెను. ఏలయన నది నిజము.

అంతట నప్పలనరసమ్మ కుక్కరును దోమి బోర్లించి దాని తలపై నుండు విజిలును దీసి చీరకొంగున ముడివైచి "రోజూ నా కూడు తింతానన్నదాకా ఇది పొయ్యెక్కదు" అని శపథము చేసెను. ఆకలిగొన్న మగవారు కూతురిమీద విరుచుకుపడుదురనియు గూతురు లొంగుననియు నామె యెత్తు. కాని యా యెత్తు పారలేదు. తండ్రికి రస్కులును గొడుకునకు నూడుల్సును జాలియుండెను. నీళ్లు కాచుటకు గరెంటు కెటిలు గలదు. పొయ్యి యారిన సంగతియే వారికి దోచలేదు. అన్నములేక కృశించినది శపథము చేసిన తల్లి యొక్కతెయే. వేడియన్నమున జింతపండుచారు పోసికొని తిననిది పూట గడవని యా యిల్లాలు మూడుదినములు రస్కులు టీలో ముంచుకొని మ్రింగుచుండ గూతురు చూచుచుండెను.

చూచి యూరకుండలేదు. "నువ్వు పడుకోమ్మా. నీకు నేను వండి పెడతాను. విజిలియ్యి" అని చేయి సాచెను. తల్లి కొంగును బొడ్డున దోపుకొని మొగము త్రిప్పుకొనెను. ఒక్కమాట చాలును. రోజూ తినెదనని యబద్ధ మాడిన నేడే పొయ్యి వెలుగును. ఆ యబద్ధము పైడిరత్నము నాలుకచివరిదాక వచ్చి నిలిచినది. తల్లి యాకలి యొకవంకయు దన నియమ మొకవంకయు లాగుచుండ నామె రెండింటిని విడువక పట్టుకొని యుండెను. మిల్లులో రెండుపోగుల గలిపి ముడివేయునప్పుడు తండ్రియు నట్లే పట్టుకొనునని యామె చిన్ననాడే చూచియుండెను.

ఆ నాలవదిన మాదివారము. వరుసలోని కూతలన్నియు ముగిసి తొమ్మిదవయింట నెప్పటియట్ల నిశ్శబ్దమే మిగులగా వాకిట నడుగులచప్పుడు వినవచ్చెను. పైడిరత్నము దోసకాయ చేతబట్టుకొనియే తలుపు తెరచెను. ఎదుట నెర్రయ్యమ్మ. చేత మూతపెట్టిన యన్నపుగిన్నె. ఆమెవెనుక చారుచెంబుతో నొకతెయు నరిటాకులతో నొకతెయు మొగములు వ్రేలవైచుకొని నిలిచియుండిరి. పొయ్యి వెలుగనియిల్లు చావుయిల్లనియు నట్టియింటికి బొరుగువారు వండి తెచ్చి పెట్టవలెననియు నా వరుసలో నెల్లరెరిగిన ధర్మము.

"ఎవులు పోనారమ్మా? గోడవతల నానుండగా ఓ మాటైనా సెప్పనేదేటి?" అని యెర్రయ్యమ్మ కొంగుతో గన్నులొత్తుకొనెను.

ఎవరు నేమియు ననకముందే లోపలినుండి సన్యాసినాయుడు రస్కు నములుచు బయటికి వచ్చెను. "ఏటత్తా, పొద్దుగాలే?"

ఎర్రయ్యమ్మ యతనిని బాదములనుండి తలదాక జూచెను. "నువ్వున్నావా బావు. నాలుగు దినాలై అగుపించకపోతే నువ్వే అనుకున్నాం."

"నైట్ డ్యూటీ అత్తా. పోతే నీకు సెప్పకుండా పోతానా."

వెనుకనున్న స్త్రీలలో నొకతె నవ్వాపుకొనలేక యరిటాకుల చాటున మొగము దాచుకొనెను. ఎర్రయ్యమ్మ మాత్రము నవ్వలేదు. అందరు నున్నారు. ఉన్నచో బొయ్యి యేల యారినది? ఆ ప్రశ్న వాకిట నిలుచుండగా నప్పలనరసమ్మ మొగము వివర్ణమయ్యెను. చిన్ననాటి పిల్లి లేవనిపొయ్యి మరల నెల్లరయెదుటికి వచ్చినట్లు తోచి తడబాటున నోటికి వచ్చినది పలికెను.

"మా రత్నం దీక్షలో ఉందప్పా. ఇంట్లో నిప్పు ముట్టించకూడదట."

ఆ యొక్కపలుకుతో వాకిలి గుడిముంగి లయ్యెను. స్త్రీలు చెప్పులు విడిచిరి. ఎర్రయ్యమ్మ గిన్నె దింపి "ఏ అమ్మోరికే తల్లీ? అదా సంగతి. ఆ దోసకాయ దానికేనా" అనుచు డెబ్బదియేండ్ల నడుమును వంచి పైడిరత్నము పాదములను దాకబోయెను.

పైడిరత్నము వెనుకకు జరిగెను. తల్లి కన్నులు వేడుకొనుచుండుట యామె చూచెను. ఔనన్న జాలును. రేపటినుండి మేకతిండి యను మాట యీ వరుసలో వినబడదు. తల్లి తల యెత్తికొని తిరుగును. తానేమి తిన్నను బ్రసాదమే యగును. కాదన్నచో దల్లి యబద్ధము నలుగురిలో బయల్పడును. అయినను డెబ్బదియేండ్ల తల తన కాళ్లవైపు వంగుచుండగా నా సౌఖ్య మామెకు మింగుడుపడలేదు.

"లెగు మామ్మా. దీక్ష లేదు, అమ్మోరు లేదు. అమ్మ నన్ను కాయడానికి అలాగంది. నా కడుపుమంటకి ఇది పడింది, అందుకే తింటన్నాను. దేవుడి పేరు చెప్పి తింటే దేవుడికీ అబద్ధం, నీకూ అబద్ధం. పొయ్యారింది నా ఒక్కదానివల్లా కాదు. అయ్యా తమ్ముడూ పేకెట్లు తిని ఊరుకున్నారు. అన్నం లేకుండా పోయింది అమ్మకే."

ఎర్రయ్యమ్మ నడుమున జేయివైచుకొని మెల్లగా లేచి తలుపుసందునుండి వంటగది యరను జూచెను. బోర్లించిన కుక్కరును జూచెను. దోసకాయను జూచెను.

"ఆ పేకెట్లకీ పొయ్యక్కర్నేదు, ఈ కాయలకీ అక్కర్నేదు. అందరూ కూడి దాని పొయ్యార్పేసి దాన్నే పస్తెట్టినారు. సదువుకున్న గుంటవి నువ్వైతే నిజం సెప్పినావు. అది సరే. ఇప్పుడీ కూడేటి సెయ్యను?"

అది సామాన్యమైన చిక్కు గాదు. చావింటికని వండి తెచ్చిన యన్నమును వెనుకకు గొనిపోరాదు. చావులేనియింట దినరాదు. తీసికొనివచ్చిన చేతులును బుచ్చుకొనవలసిన చేతులును గడపకిరువంకల నట్లే నిలిచిపోయెను. గిన్నెనుండి యావిరి లేచుచుండెను.

పైడిరత్నము దోసకాయను గూటిలో బెట్టి చేయి కడిగికొని యరిటాకొకటి పరచి కూర్చుండెను. "ఇయ్యాళ ఆదివారం. నా ముద్ద రోజే. పెట్టు మామ్మా. ఆకలికి తెచ్చిన కూడు, చావు దానికేం తెలుసు" అని యెర్రయ్యమ్మ పెట్టిన పిడికెడన్నమును జారుతో గలిపి యెల్లరు చూచుచుండ నోట నుంచుకొనెను.

అంతవరకు దలవంచుకొని నిలిచిన యప్పలనరసమ్మ యా దృశ్యమును సహింపలేకపోయెను. అబద్ధము బయటపడిన సిగ్గంతయు నొక్కపెట్టున రోషమై లేచెను.

"ఓసోసి. నా సేతి కూడు కాదు గానీ ఎర్రయ్యమ్మ సేతి కూడు దిగిందా నీకు?"

"నువ్వు పెడితేగా అమ్మా. విజిలు నీ కొంగునే ఉంది."

అప్పలనరసమ్మ బొడ్డునుండి కొంగును లాగి పంటితో ముడి విప్పి వంటగదిలోనికి దుమికెను. బోర్లించిన కుక్కరు వెల్లకితల దిరిగెను. బియ్యము గలగలలాడెను. సన్యాసినాయుడు రస్కును నోటనే యుంచుకొని భార్యకు నీళ్లబిందె యందించెను. వాకిటివారెవ్వరు గదలలేదు. కొంతసేపటికి దొమ్మిదవయింటి కుక్కరు నాలుగుదినముల మౌనమును బాపుకొనుచు గూసెను. రెండవమారు కూసెను. మూడవకూతకు వరుసలో దలుపులు దెరచుకొని "ఆ, కూసింది" అనుకొన్నవారి మాటలు వినవచ్చెను.

ఆవిరి యణగగానే తల్లి యన్నము కలిపి యాకుముందు గూర్చుండెను.

"ఒక్క ముద్దేనమ్మా. మామ్మది పిడికెడు తిన్నాను. ఇంక అరముద్దే మిగిలింది. మళ్లీ వచ్చే ఆదివారమే" అని పైడిరత్నము చెప్పెను. ఆ స్వరమున గాఠిన్యము లేదు, సడలింపును లేదు.

"అరముద్దే" అని తల్లి యొప్పుకొనెను. ఒప్పుకొని రెండుచేతులతో నదిమి చేసిన యా యరముద్ద మాత్రము వెలగపండంత యుండెను. పైడిరత్నము దానిని జూచెను. తల్లిని జూచెను. కొలత మాటాడుకొనలేదుగదా యనుకొని తిని ముగించి చేయి కడిగికొని గూటిలోని దోసకాయను మరల దీసికొనెను. అప్పుడు తల్లి తన యాకును బరచుకొని చారు పోసికొని నాలుగుదినములకు మొదటిముద్ద నోట బెట్టుకొనెను. ఎర్రయ్యమ్మకు గూడ నొక యాకు వేసిరి.

నియమ మన నొరులపొయ్యి నార్పుట కాదు, మమత యన నొరులనోరు పట్టి తెరచుట కాదు. ఈ రెండును దెలిసినయింట బంక్తి చెదరదు. తవిటినాయుడు నేటికిని నూడుల్సునే కోరును. అప్పలనరసమ్మ నేటికిని శుక్రవారమున నా యరను దుడుచును. కాని మిల్లుకూత వినబడి సైకిళ్లు గదలిపోయినపిదప బదియవయింటి యెర్రయ్యమ్మ పలుచనిగోడకు జెవియొగ్గి విన్నచో నా తొమ్మిదవయింట బ్రతియుదయమును రెండుసద్దులు వినవచ్చును. ఒకటి కుక్కరు కూత. రెండవది, అది యణగినపిదప, పండ్లక్రింద బచ్చిదోసకాయ ఫెళ్లున విరిగిన సద్దు.