మూడువందల కుర్చీల కాపలా

ఆ మ్యూజియంలో మూడువందల పన్నెండు కుర్చీలున్నాయి. అన్నీ బీచి అనే చెట్టు కర్రను ఆవిరిలో ఉడికించి, వంచి చేసినవే. కాపలా ఉండే బోజెనాకు కూర్చోవడానికి మాత్రం ఒక్కటీ లేదు. పెళ్లివారింట్లో పస్తంటే ఇదే.

చెక్ దేశంలో మొరావియా ప్రాంతంలోని ఆ ఊరి కుర్చీల ఫ్యాక్టరీలో ముప్పయ్యెనిమిదేళ్లు పేము సీట్లు అల్లిన మనిషి ఆవిడ. ఫ్యాక్టరీ మూతపడి, ఆ షెడ్డే మ్యూజియమయ్యాక ఈ ఉద్యోగమిచ్చారు. పొద్దస్తమానం నిలబడి, వచ్చినవాళ్లకు "కూర్చోకండి" అని చెప్పడమే పని. మధ్యాహ్నానికల్లా మోకాళ్లు వాచిపోయేవి.

"ఒక్క స్టూలు వేయించండి బాబూ," అని డైరెక్టరు దలిబోరును ఎన్నిసార్లడిగిందో.

"కూర్చుంటే కునుకు పడుతుంది, బోజెనా గారూ," అనేవాడు నవ్వుతూ.

ఒళ్లు మండాల్సిన మాటే. మండడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

చలికాలం హీటర్ల వేడికి పేము ఎండి పెళుసెక్కుతుంది. వారానికోసారి సీటును అడుగువైపు నుంచి తడిగుడ్డతో తుడవాలి. ఆ ఊరి ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతే. చదువుకున్న దలిబోరు మాత్రం "కుర్చీలకు తడి తగలరాదు" అని రాయించి గోడకు అంటించాడు. ఆవిడ రెండుసార్లు చెప్పి ఊరుకుంది.

ఫిబ్రవరిలో జిల్లా అధికారులు నలుగురు వచ్చారు.

"నూటపాతికేళ్ల కుర్చీ అండీ. ఇప్పటికీ ఏనుగునైనా మోస్తుంది," అంటూ దలిబోరు ఒకదాని మీద కూర్చోబోయాడు.

"వద్దు బాబూ," అంది బోజెనా.

పేము పటపటా తెగింది. మనిషి నడుందాకా చట్రంలోకి దిగబడిపోయాడు. అధికారులే పట్టి పైకి లాగాల్సి వచ్చింది.

వాళ్లు వెళ్లాక, "ముందే చెప్పొచ్చుగా," అన్నాడు దలిబోరు దుమ్ము దులుపుకుంటూ.

"చెప్పాను. మీరేం రాయించారో ఆ గోడ మీద చూసుకోండి."

సోమవారానికి గోడమీద కాగితం లేదు. తలుపు పక్కన తెల్లటి ప్లాస్టిక్ కుర్చీ ఉంది.

"అడిగినప్పుడే ఇవ్వాల్సింది. తప్పు నాదే. కూర్చోండి," అన్నాడు దలిబోరు, నేల చూస్తూ.

బోజెనా కూర్చుంది. నడుం ఆనింది. మోకాళ్ల నొప్పి మెల్లగా దిగింది. ఇన్నేళ్లలో తను అల్లిన సీట్లు ఎన్ని వేలో ఆవిడకే తెలియదు. వాటిలో ఒక్కదాని మీదైనా ఇలా తీరిగ్గా కూర్చున్న రోజు గుర్తుకు రాలేదు. అందుకే ఏడుపొచ్చింది.